ఎవరూ చెయ్యి పెట్టలేదు

చాలా ఏళ్లుగా ఒక చిన్న పని నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. చిన్నదని ఎందుకంటున్నానంటే, అది చేసింది చూపుడు వేలితో. పట్టిన సమయం రెప్పపాటు. ఆ తర్వాత దాని మీద నేను ఆడిన అబద్ధాలు కొన్ని. నోరు మూసుకుని దాటేసిన సందర్భాలు చాలా. రెండింటినీ ఒకే గంపలో వెయ్యాలని ఈ మధ్యనే ఒప్పుకున్నాను.

మీరు నన్నెరగరు. ఎరగకపోవడమే నాకు ధైర్యం. ఎరిగినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు వాళ్లింటికి వెళ్లాను. టీ తాగి, పాపను ముద్దు చేసి, వచ్చేశాను.

నా ఉద్యోగం తప్పులు పట్టడం. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ను అటూ ఇటూ కెలికి, ఎక్కడ చెడిపోతుందో వెతికి, ఇదిగో ఇక్కడ, అని చూపించడం. ఇంటికి వచ్చినా ఆ బుద్ధి పోదు. చక్కెర డబ్బా మూత వంకరగా పెట్టాడని మా ఆయనతో గంటసేపు వాదించగలను. ఆఫీసులో తాము రాసింది నా ముందు పెట్టాలంటే కుర్రాళ్లు భయపడేవారు. “ఆవిడ సరేనందంటే ఇక చూడక్కర్లేదు” అని నాకొక పేరు. ఆ పేరంటే నాకు చచ్చేంత ఇష్టం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఈ గొడవకంతా మూలం ఆ ఇష్టమేనేమో అనిపిస్తుంది. కాదని మీరనరు కదా?

అప్పట్లో టీవీలో ఒక మిక్సీ ప్రకటన వచ్చేది. వంటింటి అలమరలో ఒక గోళీ దొర్లుకుంటూ వచ్చి గరిటెను తాకుతుంది. గరిటె ఊగి పళ్లాల వరసను పడగొడుతుంది. ఆఖరి పళ్లెం చపాతీ కర్రను తోస్తుంది, కర్ర దొర్లి ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని. ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి ఒక చెంచా మిక్సీ బటన్ మీద పడుతుంది. చట్నీ గిర్రున తిరుగుతుంది. కింద అక్షరాలు వస్తాయి: ఒకే షాట్‌లో తీశాం, కంప్యూటర్ మాయ లేదు. అది వచ్చినప్పుడల్లా మా అత్తగారు పప్పు కలుపుతున్న చెయ్యి ఆపి మరీ చూసేవారు. చూసి, ఇంత హంగామా చేసే బదులు లేచి ఆ బటనేదో నొక్కుకోవచ్చుగా, అనేవారు.

జనం దాన్ని వెక్కిరిస్తూ ఎన్ని వీడియోలు తీశారో చెప్పలేను. కాలేజీ పిల్లలు హాస్టల్ బకెట్లతో తీశారు. ఒకాయన పెళ్లి పందిట్లో కొబ్బరి బోండాలతో తీశాడు. నాకు బాగా నచ్చింది ఒకటుంది: అన్నీ వరసగా పడి, బటన్ కూడా నొక్కుకుని, సరిగ్గా అప్పుడు కరెంటు పోతుంది. వెక్కిరింపే గానీ అందులో ప్రేమ ఉండేది. ఇష్టం లేనివాడు ఆ గిన్నెలన్నీ అన్ని గంటలు ఎందుకు పేరుస్తాడు చెప్పండి?

మా ఆఫీసులో ఆ పిచ్చి మల్లేశ్‌కు పట్టింది. మల్లేశ్ మా టీములో ప్రోగ్రాములు రాసే కుర్రాడు. గోపన్‌పల్లి వాళ్లది, అక్కడ అపార్ట్‌మెంట్లు లేని రోజుల నుంచి. మేమంతా అక్కడా ఇక్కడా నుంచి వచ్చి ఈ ఊరి గురించి మాట్లాడుతుంటే, అతను వింటూ నవ్వేవాడు. మేము మీటింగు పెట్టుకునే గాజు గదిలో నుంచి చూస్తే దూరంగా కనబడే ఒక టవరు, అది వాళ్ల నాన్న కంది వేసిన చేనట. నన్ను మొదటి రోజు మేడం అన్నాడు, రెండో రోజు నుంచి అక్కా. నాకు తమ్ముడు లేడు. అతని ప్రోగ్రాముల్లో ఎన్ని తప్పులు పట్టినా ముఖం మాడ్చుకునేవాడు కాదు, పైగా నువ్వు పట్టకుంటే ఎవరు పడ్తరక్కా అనేవాడు. అతని మీద నాకు మమకారం ఎక్కడ మొదలైందంటే అక్కడే.

మల్లేశ్ రోజూ మధ్యాహ్నం ఒక స్టీలు క్యారేజీ తెచ్చుకునేవాడు. మిగతా అందరివీ మైక్రోవేవ్‌లో పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు. అతనిది మాత్రం పాతకాలపు మూడు గిన్నెలది, అడుగున సొట్ట, బల్ల మీద పెడితే కాస్త ఊగేది. వాళ్లమ్మ చేలో పనికి వెళ్తూ అందులోనే అన్నం పట్టుకెళ్లేదట. ఆవిడ పోయాక ఆ క్యారేజీ మల్లేశ్ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తినేది క్యాంటీన్ నుంచి తెచ్చుకున్న పులిహోరైనా సరే, దాంట్లోకి వంపుకునే తినేవాడు.

వార్షికోత్సవానికి ఒక్కో టీమూ ఒక వీడియో తియ్యాలన్నారు. మల్లేశ్ మిక్సీ ప్రకటనను ఆఫీసు సామాన్లతో చేద్దామన్నాడు. మెడలో వేసుకునే ఐడీ కార్డు ఊగి ఫైళ్ల వరసను పడగొట్టాలి. ఆఖరి ఫైలు తాకితే చక్రాల కుర్చీ కదలాలి. కుర్చీ వెళ్లి ఖాళీ నీళ్ల క్యాను తొయ్యాలి. క్యాను దొర్లి టెన్నిస్ బంతికి తగలాలి. బంతి కీబోర్డులతో కట్టిన వాలు మీదుగా జారి, బల్ల అంచున నిలబెట్టిన క్యారేజీని కొట్టాలి. క్యారేజీ బల్ల మీద నుంచి పడితే, దాని పిడికి కట్టిన దారం లాగుకుని గోడ మీద చుట్టి పెట్టిన గుడ్డ విప్పుకోవాలి. గుడ్డ మీద ఇలా ఉంటుంది: మీటింగు రేపటికి వాయిదా. ఆ ఆఖరి మాటకు మేనేజరు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. మీటింగు లేకుండా ఆయనకు పూట గడవదు.

శనివారం ఫ్లోరు ఖాళీగా ఉంటుంది కదా అని అప్పుడు పెట్టుకున్నాం. పొద్దుటి నుంచి పేర్చడం, పడటం, ఎక్కడో ఆగడం, మళ్లీ పేర్చడం. ఫైళ్లు ఆగేవి. అవి సర్దితే కుర్చీ అడ్డం తిరిగేది. సెలవు రోజు కాబట్టి ఏసీ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సెక్యూరిటీ ఆయన వచ్చి, ఇక తాళం వేసుకోవాలి, ఇదే ఆఖరు, అన్నాడు. ఆ ఆఖరిసారి నా పని బల్ల పక్కన బీరువా చాటున కూర్చుని దారం చిక్కుపడకుండా చూడటం. క్యారేజీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది, కానీ అటు పక్క కెమెరాకు గానీ మిగతావాళ్లకు గానీ కనబడదు.

ఐడీ కార్డు ఊగింది. ఫైళ్లు పడ్డాయి. కుర్చీ కదిలింది. క్యాను దొర్లింది. బంతి వాలు మీద టకటకా దిగి వచ్చి క్యారేజీని కొట్టింది. క్యారేజీ ఊగింది. అంచు మీద వంగింది. మళ్లీ వెనక్కి వచ్చి, నిలబడింది.

నేను వేలు పెట్టి తోశాను.

ఆలోచించి తోశానా? లేదనే చెప్పుకుంటూ వచ్చాను. మీకు మా ఆఫీసుల్లో ఒక అలవాటు గురించి చెప్పాలి. పని పూర్తికాకముందే క్లయింటుకు డెమో చూపించాల్సి వస్తుంది. తెర మీద బటన్ నొక్కగానే లెక్క తేలినట్టు అంకె కనిపిస్తుంది. నిజానికి ఆ అంకె ఎవరో ముందే టైపు చేసి దాచిపెట్టిందే. డెమోకే కదా, తర్వాత సరిచేద్దాం, అంటాం. చాలాసార్లు సరిచేస్తాం కూడా. నేనూ అలాంటి డెమోల్లో ఎన్నిటికో పక్కన కూర్చుని తలూపినదాన్నే. నా వేలు ఆ అలవాటు కొద్దీ కదిలిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అయితే ఒకటుంది. డెమో అబద్ధమని మా టీముకంతటికీ తెలుసు. ఈ అబద్ధం నాకొక్కదానికే తెలుసు.

క్యారేజీ ధన్‌మని పడింది. గుడ్డ విప్పుకుంది. అందరూ ఎగిరి గంతులేశారు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఇంతలో మల్లేశ్ పరుగెత్తుకుంటూ వచ్చి కింద పడ్డ క్యారేజీని రెండు చేతులా ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

“మా అమ్మనే నూకిందక్కా,” అన్నాడు. “నువ్వు సూసినవ్ గదా.”

చూశానన్నాను.

ఇదిగో, ఇక్కడ నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో. అతని కన్నీళ్లు చూసి జాలిపడి ఊరుకున్నానా? ఆ మాట చెప్పుకుంటే నాకు బాగుంటుంది, అందుకే దాన్ని నమ్మను. అతను పరుగెత్తుకుని రావడానికి కాస్త వ్యవధి పట్టింది. ఆ వ్యవధిలో నేను చప్పట్లు కొడుతున్నాను. ముందు గెలుపు తీపి, ఆ తర్వాతే అతని తల్లి. వరస అది.

పైగా ఆ వీడియో చివర రావాల్సిన అక్షరాలు రాసింది నేనే. మిక్సీ వాళ్లలాగే మనమూ ఒక గొప్ప మాట వేద్దామన్నారు. “ఒకే షాట్. ఎవరూ చెయ్యి పెట్టలేదు” అని రాసిచ్చాను. నా అక్షరాలు బాగుంటాయని అందరూ అంటారు.

మాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ వీడియో మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు గ్రూపులన్నిట్లో తిరిగింది. కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో దాన్ని చూస్తుంటే మా ఆయన నా భుజం తట్టాడు. నేను అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడ్డాను.

మరుసటి ఏడాది మల్లేశ్ పెళ్లయింది. స్వరూప చాలా మంచి పిల్ల, ఇంటికి మనిషి వస్తే చాలు, అన్నం పెట్టందే పంపదు. కొత్త కాపురంలో ఇల్లు సర్దుకుంటూ, పాత బట్టలకూ పాత సామాన్లకూ స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ గుమ్మంలోకి వస్తే, సొట్టపోయిన ఆ క్యారేజీ కూడా వేసి ఒక కొత్త హాట్ బాక్స్ తీసుకుంది. ఆ క్యారేజీ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు ఆఫీసులో ఉన్నాడు. సాయంత్రం వచ్చి చూసి, పోనీలే అన్నాడట. నిజంగానే పోనీలే అనుకున్నాడు.

ఆ ఏడే కంపెనీకి పెద్దవాళ్లెవరో వస్తున్నారని, ఆ ఆటను అందరి ముందూ ఆడించమని మల్లేశ్‌ను అడిగారు. కొత్త క్యారేజీ కొని పేర్చాడు. అన్నీ సవ్యంగా నడిచాయి. బంతి వచ్చి కొట్టింది. క్యారేజీ ఊగి, నిలబడింది. అచ్చం ఆ రోజులాగే నిలబడింది. హాల్లో అందరూ మంచి మనసుతోనే నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. మల్లేశ్ నవ్వుతూనే క్యారేజీని చేత్తో పడేశాడు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. బంతి తేలిక, అక్కడ బరువైనదేదైనా పెట్టు, అనే ఒక్క మాట చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. తప్పు ఎక్కడుందో తెలిసి చెప్పని టెస్టరును ఏమంటారు? మా ఆఫీసులో అయితే ఉంచుకోరు.

అతనికి తప్పు బంతిలో కనబడలేదు. ఎలా కనబడుతుంది? అదే బంతి ఆ రోజు పడేసింది కదా, నేను చూశానన్నాను కదా. మారింది క్యారేజీ ఒక్కటే. అందుకని తప్పంతా పోయిన క్యారేజీ మీదికి వెళ్లింది. ఆ సొట్ట వల్ల అది ఊగేదని, ఆ ఊపు కొత్తదానికి రాదని లెక్కలు వేశాడు. సెలవు దొరికితే చాలు, ఇంట్లో వాలు కట్టి రకరకాల క్యారేజీలు నిలబెట్టేవాడు. కొన్నింటికి సుత్తితో సొట్టలు కూడా పెట్టాడు. ఏదీ పడలేదు.

మొదట్లో అది సరదాగానే ఉండేది. చుట్టాలొస్తే వీడియో చూపించి, గా డబ్బ మా మేడం గిన్నెలోల్లకు ఇచ్చింది, అని స్వరూప వైపు చూపించేవాడు. అందరూ నవ్వేవారు. స్వరూపా నవ్వేది. నేనూ అక్కడే కూర్చుని నవ్వేదాన్ని. ఏడాదులు గడిచేకొద్దీ స్వరూప నవ్వు చిన్నదవుతూ వచ్చింది. మల్లేశ్ చెడ్డవాడు కాదు, భార్యను పల్లెత్తు మాట అనడు. కానీ రోజూ తగిలే చోట తగిలితే మెత్తటి మాట కూడా పుండు చేస్తుందని అతనికి తెలియలేదు. నాకు తెలుసు. నేను చూస్తూనే ఉన్నాను.

కిందటి నెల స్వరూప నన్ను మదీనాగూడ తీసుకెళ్లింది. అక్కడ మెయిన్ రోడ్డు పక్కన ఒక స్టీలు సామాన్ల దుకాణంలో పాతవి తీసుకుని కొత్తవి ఇస్తారు. వెనక గదిలో పాతవన్నీ గుట్టగా పోసి ఉంటాయి. ఆమె చాలా దుకాణాలు తిరిగిందట, మల్లేశ్‌కు చెప్పకుండా. ఆ క్యారేజీని దగ్గరగా చూసినదాన్ని కాబట్టి నేను గుర్తుపడతానని నన్ను రమ్మంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆ గుట్టలో కూర్చుని ఒక్కొక్క గిన్నే తీస్తూ, ఉన్నట్టుండి ఆగి నా వైపు చూసింది.

“అక్కా, నిజం చెప్పు. నువ్వు పక్కనే ఉంటివి గదా. గా డబ్బ ఉండబట్టే పడ్డదా? నేను ఇయ్యకపోతే ఈయనకు ఇంత రంది లేకపోవునా?”

ఎంత సూటిగా అడిగింది. నేను ఒక్క మాట అంటే ఆమె ఆ గుట్టలో నుంచి లేచి, చేతులు కడుక్కుని, హాయిగా ఇంటికి వెళ్లేది. 

“ఏమోనమ్మా,” అన్నాను. “దాని అడుగున సొట్ట ఉండేది. అలాంటిది దొరికితే పడుతుందేమో చూద్దాం.”

అలాంటిది దొరికింది. ఇదేనా అక్కా అని స్వరూప ఎత్తి చూపిస్తే, అదేలా ఉందే, అన్నాను. వేలితో చేసింది ఒక తప్పు. ఇది నోరారా చేసిన తప్పు. రెండింటిలో ఏది పెద్దదని మీరడిగితే, ఆ దుకాణంలోదే అంటాను. అక్కడ నాకు చప్పట్లు లేవు, తొందర లేదు, ఎవరి కన్నీళ్లూ అడ్డం రాలేదు. నా పేరు నేను కాపాడుకున్నాను, అంతే.

వాళ్ల పాప పుట్టినరోజుకు స్వరూప దాన్ని మల్లేశ్ చేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు, అడుగు తడిమాడు. చిన్నపిల్లాడిలా సంబరపడి కేకు కొయ్యకముందే వాలు కట్టాడు. ఇంటి నిండా చుట్టాలు. బంతి వదిలాడు. క్యారేజీ ఊగింది. నిలబడింది. మల్లేశ్ పర్వాలేదులే అన్నట్టు స్వరూప వైపు చూసి నవ్వాడు. పాప మాత్రం వాళ్లమ్మ కొంగు పట్టుకుని, ఇది నానమ్మ డబ్బ కాదు గదమ్మా, నువ్వు అది ఇచ్చేసినవ్ గదా, అంది. పిల్లకేం తెలుసు, పుట్టిన దగ్గర్నుంచీ విన్నదే అంది. స్వరూప లేచి వంటింట్లోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ఆమె కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతోంది. నేను ఒక గుడ్డ తీసుకుని అవి తుడిచి పెట్టాను. అక్కడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఫోన్ చేశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. మల్లేశ్ ఎత్తాడు. ఎన్నో మాటలు కూడబలుక్కుని ఉన్నాను, డెమోల గురించి, అలవాటు గురించి, వాళ్లమ్మ గురించి. ఒక్కటీ రాలేదు.

“మల్లేశ్, ఆ రోజు క్యారేజీ పడలేదు. ఊగి నిలబడిపోయింది. నేను వేలితో తోశాను.”

ఒకసారి చావు తీసుకుపోయిన వాళ్లమ్మను అతని నుంచి నేను మళ్లీ తీసుకుపోయానని నాకు తెలుసు. అందుకు తిట్టినా పడాలనే చేశాను. తిట్టలేదు. ఎక్కడో కుళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు.

“స్పీకర్ల పెట్టిన అక్కా. స్వరూప ఈడనే ఉన్నది. గా మాట మళ్లొక్కసారి చెప్పు.”

మళ్లీ చెప్పాను. ఈసారి పేరు పెట్టి చెప్పాను. స్వరూపా, ఆ డబ్బా నువ్వు ఇచ్చెయ్యకపోయినా పడేది కాదు, అది ఎప్పుడూ పడలేదు, పడేసింది నేను, అన్నాను.

“ఇన్నేండ్లు తెల్సి ఊకున్నవా అక్కా?” అంది స్వరూప.

అవునన్నాను. ఫోన్ కట్ అయింది. ఆ తర్వాత వాళ్లు చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. క్షమించమని అడగాలనిపించింది కానీ అడగలేదు. అడిగితే ఆ పిల్ల మెత్తటి మనసుకు మళ్లీ ఒక పని పెట్టినట్టు అవుతుంది. మొదటిసారి చెప్పినప్పుడు నా గొంతు వణికింది. స్వరూప వింటుండగా చెప్పినప్పుడు వణకలేదు.